దారిలో పడియున్నవాని పొరుగువాడు
వాక్యపఠనము: లూకా 10:25–37



యెరికో దారిలో దొంగలు కొట్టి విడిచిన మనుష్యుని కథ మనకందరికి తెలిసినదే. యాజకుడు చూచి తప్పుకొనెను, లేవీయుడును తప్పుకొనెను. ఆగినవాడు పరాయివాడైన సమరయుడు. అతడు గాయములు కట్టి పూటకూళ్ల యింటికి చేర్చెను. పూటకూళ్లవాడు లేనిదే గాయపడినవానికి పడక లేదు. సమరయుడు లేనిదే ఆ పడక దగ్గరకు చేరుటయే లేదు. ఇద్దరును కావలెను.

మన కాలములో ఫైరింజను, అంబులెన్సు, పోలీసు సేవలు దేవుడు మనకు దయచేసిన పూటకూళ్ల యిల్లు వంటివి. ఆ సేవ చేయువారు ప్రాణములకు తెగించి పనిచేయుదురు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ప్రేలుడు సామగ్రియు ప్రత్తియు ఉన్న ఫోర్ట్ స్టికీన్ ఓడకు నిప్పంటుకొనెను. మంటలార్పుటకు వెళ్లిన ఫైర్ సిబ్బందిలో 66 మంది ఆ ప్రేలుడులో మరణించిరి. వారి జ్ఞాపకార్థమే ఏటేటా ఏప్రిల్ 14న దేశమంతట అగ్నిమాపక సేవా దినము జరుపుచున్నారు.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైన 108 అంబులెన్సు, తరువాత మనము నివసించు కర్నాటక, తమిళనాడు, ఒడిషా, మహారాష్ట్రలకును వచ్చెను. నేడు 112కు ఫోను చేసినచో పోలీసు, ఫైరు, అంబులెన్సు మూడును అందును. అయితే ఎవరో ఒకరు పిలువనిదే ఏ బండియు రాదు. బండి వచ్చువరకు కారుచున్న రక్తము ఆగదు. శుభ్రమైన గుడ్డతో గాయమును అదిమిపట్టవలసిన చేయి ప్రక్కనున్నవానిదే.

మరి అనేకులు ఎందుకు తప్పుకొని పోవుచున్నారు? “పోలీసు కేసు మెడకు చుట్టుకొనును” అను భయముచేత. ఈ భయము తీర్చుటకే 2016 మార్చి 30న సుప్రీంకోర్టు మార్గదర్శక సూత్రములను ఆమోదించెను. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించిరి. ప్రమాదములో పడినవానిని మంచి మనస్సుతో ఆసుపత్రికి చేర్చినవానిని పేరు చెప్పుమని బలవంతపెట్టరాదు. అట్టివానికి చట్టము పెట్టిన పేరు “గుడ్ సమారిటన్”, అనగా మంచి సమరయుడు. ప్రభువు చెప్పిన ఉపమానము దేశపు చట్టములోనికి వచ్చినది. అది మన సంఘములలో కనబడకపోవుట తగునా?

“మనము వలస వచ్చినవారము, ఇక్కడి భాష సరిగా రాదు” అందుమా? సమరయుడును పరాయివాడే. బబులోనునకు కొనిపోబడినవారిని సహితము, తామున్న పట్టణ క్షేమము కోరుమని దేవుడు యిర్మీయా ద్వారా ఆజ్ఞాపించెను (29:7). మన తాతలు కూలికి వచ్చిన ఊళ్లు నేడు మన బిడ్డల ఊళ్లు.

కావున ప్రతి సంఘము ఈ నాలుగు పనులు చేయునుగాక. మందిరపు చిరునామాను, దగ్గరి గుర్తును స్థానిక భాషలో వ్రాసి గోడకు తగిలించుదము. ఫోనులో చదివి చెప్పుటకు పనికివచ్చును. యౌవనస్థులును స్త్రీల సమాజమువారును ప్రథమ చికిత్స నేర్చుకొందురుగాక. ఆరాధన దినమున మన బండ్లు సందుకు అడ్డము కాకుండ చూచుకొందము. ఆదివారమును డ్యూటీలోనుండు ఫైర్‌మెన్, డ్రైవర్లు, నర్సులు, పోలీసుల కొరకు పేరుపేరున ప్రార్థించుదము.

దారిలో పడియున్నవాడు మన మతమును, భాషను అడుగడు. ఆగుదువా అని మాత్రమే అడుగును. ఆగుటకు ప్రభువు మనకు ధైర్యము దయచేయునుగాక. ఆమేన్.