ఉమ్మనీటి పొరకు సూతకమున్నదా?

ఇష్టలింగధారులకు జనన, మృత, రజస్సు, ఉచ్ఛిష్ట, జాతి సూతకములైదును లేవని శరణుల సిద్ధాంతము. సభలో దీనినందరము అంగీకరింతుము. అది మన నడవడిలో ఎంతవరకు నిలిచినదో తేల్చుటకు నేటి వైద్యశాస్త్రమొక గీటురాయిని మన ముందుంచినది.

సున్నమో, ఆమ్లమో పడి నల్లగ్రుడ్డు అంచుననున్న మూలకణములు నశించినచో కన్ను మసకబారి చూపు పోవును. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థవారు 2001 నుండి దీనికొక చికిత్స చేసిరి. రోగియొక్క బాగున్న కంటి అంచునుండి రవ్వంత కణజాలమును తీసి, ప్రయోగశాలలో పలుచని పొరపై పెంచి, సుమారు రెండు వారముల పిదప చెడిన కంటిపై అమర్చిరి. 2011లో ప్రకటించిన పదేండ్ల ఫలితములలో 200 మందికిగాను నూటికి 71 మందిలో ఇది సఫలమైనది. పొరను కంటిపైననే పరచి, దానిపై కణజాలపు తునకలుంచు సులభపద్ధతిని 2012లో వెల్లడించిరి. ఆ పొర ఏది? కాన్పులో మావితో వెలువడు ఉమ్మనీటి సంచి పొర! మనము మైలయని పాతిపెట్టునదే.

నంద్యాలలోనో, ఆళ్ళగడ్డలోనో ఒక లింగాయత కుటుంబమును వైద్యులు ఆ పొరను దానమడిగినచో ఇత్తుమా? మన బిడ్డ కంటికే అది కావలసివచ్చినచో "ఏ కులపు తల్లిదో" యని సంకోచింతుమా? మైలయని ఈయకున్న జననసూతకము, కులమెంచి పుచ్చుకొనకున్న జాతిసూతకము మనలో బ్రతికియున్నట్లే.

కృత్రిమమైన పొరలు వచ్చుచుండగా ఈ చింత ఏలయని కొందరనవచ్చును. ఆ సంస్థవారే ఇంగ్లండులోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయముతో కలిసి, సన్నని పోగులతో అల్లిన, క్రమముగా కరగిపోవు పొరను పరీక్షించిరి. కణము అంటుకొని వ్యాపించుటకు తగిన పట్టు, పోషకములు చొరబారుటకు సూక్ష్మరంధ్రములు దానికి కావలెను. కాని ఈ అన్వేషణకు హేతువు మైల కాదు. దాత మారినకొలది పొర గుణము మారును, అంటురోగభయము కలదు. అందుచేతనే దాతలకు రక్తపరీక్షలు చేయుదురు. శాస్త్రము కోరు శుద్ధి పరీక్షకు లొంగును; సూతకమును ఏ పరీక్షయు చూపజాలదు.

ఆళ్ళగడ్డ శిల్పి చేతిలో రాయి శివలింగమగును. అది ఏ గనిలోనిదని పూజవేళ అడుగుచున్నామా?

అయితే ఒక నియమము తప్పనిసరి. తల్లి మనసార ఒప్పుకొననిదే ఆ పొరను తీసికొనరాదు. అడుగక తీసికొన్నది దాసోహము కాదు.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున కీర్తించిన కన్నప్ప శివునికి కన్నే అర్పించెను. శివుడాతని కులమడుగలేదు. మనలను కన్నడుగుట లేదు. మంటిలో కలియు పొరనే అడుగుచున్నారు. మఠములు ఈ మాటను గర్భిణులున్న ప్రతి యింటికి చేర్చుగాక!