వేరు గ్లాసు ఎవరి కోసం?



మార్కు సువార్త మొదటి అధ్యాయంలో ఒక కుష్ఠరోగి యేసు ప్రభువు ఎదుట మోకరిల్లుతాడు. ప్రభువు దూరాన నిలబడి ఒక్క మాటతో అతనిని బాగుచేయగలడు. అయినా చేయి చాచి ముందు అతనిని తాకాడు. ఆ తరువాతనే అతడు శుద్ధుడయ్యాడు.

మన దేశంలో హెచ్.ఐ.వి.ని మొదట గుర్తించింది 1986లో, మద్రాసులో. ఇన్నేళ్ళు గడిచినా ఆ క్రిమి సోకినవారికి వేరు కంచం, వేరు గ్లాసు పెట్టి, వసారాలో పడక వేసే ఇండ్లు ఇంకా ఉన్నాయి. ఇది జాగ్రత్త కాదు, అజ్ఞానం.

ఒకే కంచంలో సంగటి తిన్నా, ఒకే గ్లాసుతో నీళ్ళు తాగినా, కౌగిలించుకున్నా, దగ్గినా, తుమ్మినా, ఒకే మరుగుదొడ్డి వాడినా ఇది సోకదు. దివ్యపూజలో సమాధానం చెప్పుకుంటూ చేతులు కలిపినా సోకదు. దోమకాటు వల్లా రాదు. దోమలో ఈ క్రిమి పెరగదు. దోమ మనలోనికి వదిలేది తన లాలాజలమే గాని, ముందు పీల్చిన రక్తం కాదు.

సోకిన వ్యక్తితో లైంగిక సంపర్కం, సోకిన రక్తం ఎక్కించడం, ఒకరికి వాడిన సూది మరొకరికి వాడటం, గర్భంలోగాని కాన్పులోగాని చనుబాల ద్వారాగాని తల్లి నుండి బిడ్డకు సోకడం: ముఖ్యమైన మార్గాలు ఇవే. సకాలంలో మందులు వాడితే తల్లి నుండి బిడ్డకు సోకే ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. క్రమం తప్పక మందులు వాడుతూ, పరీక్షలో క్రిమి కనబడనంతగా తగ్గినవారి నుండి సంపర్కం ద్వారా కూడా సోకదని వైద్యులు నిర్ధారించారు.

ప్రభుత్వం 2004 నుండి ఈ మందులు ఉచితంగా ఇస్తున్నది. ధర్మవరం దగ్గర బత్తలపల్లిలోని ఆర్.డి.టి. ఆసుపత్రి ఎందరో హెచ్.ఐ.వి. రోగులకు సేవచేసింది. సోకినవారిపట్ల వివక్ష చూపరాదని 2017లో చట్టం కూడా వచ్చింది. అయినా ఆమడగూరులోగాని మరే పల్లెలోగాని, ఊరివారికి తెలిస్తే వెలివేస్తారన్న భయంతో ఒక తల్లి పరీక్షకు వెళ్ళకపోతే, ఆ మందులు ఆమెకు అందవు. ఆమె బిడ్డకూ అందవు. ఆ భయం పెట్టింది క్రిమి కాదు, మనమే.

హోటళ్ళలో వేరు గ్లాసు పెట్టినప్పుడు కలిగిన అవమానం మన విచారణలలోని పెద్దలెందరికో తెలుసు. ఆ గ్లాసును మన ఇంట్లో మరొకరికి పెడదామా? పుట్టుగ్రుడ్డివానిని చూచి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, ప్రభువు ఆ విచారణకు ఒప్పుకోలేదు. మనమూ రోగం ఎలా వచ్చిందని అడుగవద్దు. ఈ ఆదివారం పూజ అయ్యాక అటువంటి ఇంటికి వెళ్ళి, వారితో కూర్చుని భోంచేద్దాం.

కుష్ఠరోగిని తాకిన ప్రభువు మన చేతులను కూడా దీవించును గాక. ఆమెన్.