నేలమీది గూడు



ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 6, 7 వచనములను మనము తరచుగా దాటి చదువుదుము. త్రోవలో పక్షిగూడు దొరికినప్పుడు పిల్లలతోకూడ తల్లిని పట్టుకొనవద్దని, దానిని పోనియ్యవలెనని అక్కడి ఆజ్ఞ. గూడు నేలమీదనైనను ఉండవచ్చునట. నేలమీద గూడేమిటని మన వర్తూరు పిల్లలు అడుగుదురు. 2015లో చెరువు నురుగు రోడ్డుమీదికి పొంగుట చూచిరి గాని, వారు గడ్డిబీడు నెన్నడు చూచిరి?

మనలో కర్నూలు ప్రాంతము విడిచి వచ్చినవారికి రోళ్లపాడు తెలియును. అది ఇప్పుడు నంద్యాల జిల్లాలోనిది. బట్టమేక పిట్ట కొరకు 1988లో అక్కడ అభయారణ్యము ఏర్పరచిరి. పేరుకు అరణ్యమే గాని ఉన్నది గడ్డి. పోతుపిట్ట మీటరు ఎత్తు, 15 కిలోల వరకు తూగును. పెంటిపిట్ట వట్టినేలపై సాధారణముగా ఒక్క గుడ్డే పెట్టి, దాదాపు నాలుగు వారములు పొదుగును. ఆ గుడ్డుమీద పశువు కాలు పడినచో ఆ యేటి ఆశ పోయినట్లే.

కుమారుల యిండ్లకు వచ్చిన ఆ ప్రాంతపు పెద్దలతో మేము మాటలాడితిమి.

"జొన్న, కొర్ర వేసినప్పుడు చేన్లో మిడతలు ఏరుకుంటా తిరిగేది. మనిషిని చూస్తే దొరమాదిరి మెల్లగా నడిచిపోయేది" అని ఒకరనిరి.

"కాలవ నీళ్లొచ్చినాయి, పైరు మారింది, మందులు కొట్టినాము. మిడత పాయె, పిట్టా పాయె" అని మరియొకరు.

నీళ్లు వద్దని ఏ రైతు అనును? కరవు చూచిన మేమును అనము. అయితే ఆ పిట్ట నేడు అక్కడ కనబడుటయే అరుదు. దేశమంతటిలో 150కి అటుఇటుగా మాత్రమే మిగిలినవని, వాటిలో ఎక్కువ రాజస్థాన్‌లోనే ఉన్నవని చెప్పుచున్నారు. బరువైన పక్షి, ఎదుటి చూపు తక్కువ. కరెంటు తీగలకు తగిలి చచ్చుచున్నది.

బీడనగా పనికిరాని భూమియని మన లెక్క. నిర్గమకాండము 23వ అధ్యాయములో దేవుని లెక్క వేరు. ఏడవ యేట భూమిని బీడు విడువవలెను. బీదలు తినగా మిగిలినది అడవిమృగములకు. వాటి వంతు ఆయన ముందే వ్రాసిపెట్టెను.

మరియొకటి గమనించుడి. తలిదండ్రులను సన్మానించువారికి మేలు, దీర్ఘాయువు కలుగునని వాగ్దానము. తల్లిపక్షిని విడిచిపెట్టువానికిని అదే వాగ్దానము! ఇంత పెద్ద ప్రతిఫలము ఇంత చిన్న పనికి ఎందుకని మేము చాలాకాలము తలపోసితిమి. ఎవరును చూడని పొలములో, అడుగువారు లేనిచోట చేయవలసిన పని గనుకనే యని మాకు తోచుచున్నది. ఊరిలో ఒంటరిగానున్న తల్లి సంగతియు అట్టిదే.

ఆ పెద్దలలో ఒకరికి ఊరిలో మూడెకరముల బీడున్నది. గొర్రెలు మేయును, అప్పుడప్పుడు కృష్ణజింకలు వచ్చును. అమ్మివేయుమని కుమారులు అడుగుచున్నారు. "నేను బతికినన్నాళ్లు ఉండనియ్యమని చెప్పు, అయ్యవారూ" అని ఆయన మాతో అనెను. కుమారులు మన సంఘములలోనివారే. సంక్రాంతికి ఊరికి వెళ్లుచున్నారు. కాగితములు సిద్ధముగా నున్నవి.