కుక్క బాధ, మిన్నల్లి ప్రాణము

ఒక ప్రాణి బాధను తొలగింపవలెనన్న మరియొక ప్రాణిని చంపక తప్పనపుడు దయ యను మాటకు అర్థమేమి? ఈ ప్రశ్న పండితగోష్ఠులకు తగినదిగా తోచును గాని, పెరటిలో కుక్కను పెంచుకొను ప్రతి గృహస్థునకును వానకాలమున ఎదురగుచునే యుండును. కుక్క రాత్రియంతయు నిద్రలేక తోకమొదలు కొరుకుకొనుచు, వెనుకకాలితో మెడ గోకుకొనుచు మూలుగుచుండును. బొచ్చు పాయదీసి చూచినచో ముదురు గోధుమరంగు పురుగులు చటుక్కున దుమికి మాయమగును. వానినే మిన్నల్లులందురు. మన ఇండ్లలో పెక్కుమంది వీనిని కుక్కపేలనియు, గోమారులనియు కలగలిపి పిలుతురు గాని గోమారి వేరు. అది చర్మమును కరచిపట్టి కదలకుండును. మిన్నల్లి గెంతును.

ఆదిపర్వములోని మాండవ్యుని కథ మనవారు వినినదే. చేయని దొంగతనమునకై ఆ మహర్షి కొఱ్ఱునెక్కెను. ఏ పాపమునకు ఇది ఫలమని యమధర్మరాజు నడుగగా, బాల్యమున నీవు పురుగులను పుల్లతో గ్రుచ్చి బాధించితివని బదులు వచ్చెను. అల్పాపరాధమునకు ఇంత శిక్షయా యని ముని కోపించి, పదునాలుగేండ్ల లోపు బాలుర చేతలకు పాపమంటరాదని కట్టడి చేసి, ధర్ముని విదురుడుగా పుట్టుమని శపించెను. ఇక మహాప్రస్థానమున తమ్ములును ద్రౌపదియు పడిపోయిన పిమ్మట ధర్మరాజు వెంట మిగిలినది ఒక కుక్క. దానిని విడిచి రథమెక్కుమని ఇంద్రుడు చెప్పినను ఆయన ఒప్పుకొనలేదు. ఆ కుక్క ధర్ముడే. పురుగు పక్షమున తీర్పు చెప్పినవాడును, కుక్కయై వెంట నడచినవాడును ఒక్కడే యగుట ఆలోచింపదగిన విషయము.

మాండవ్యుని తప్పు ఆటకొరకు బాధించుట. మనది అవసరము గనుక మనకు దోషము లేదని చెప్పి తప్పించుకొనవచ్చును. కాని అవసరమని చెప్పని హింసకు డెవ్వడు? ఆ అవసరము మన అశ్రద్ధవలన పుట్టినదా, కాదా యని ముందు విచారింపవలెను.

కొందరికి తోచు సులభమార్గము కుక్కనే వెళ్లగొట్టుట. దీనికి అసహ్యముతోపాటు పాత భయమును కారణమైయుండవచ్చును. 1896లో ముంబయిని, 1898లో బెంగుళూరును ప్లేగు పట్టి పీడించినది. ఎలుకలపై నుండు మిన్నల్లి ఆ తెగులును మోయునని ఆ 1898లోనే పాల్ లూయీ సిమాన్ కరాచీలో ప్రయోగపూర్వకముగా చూపెను. కాని మన కుక్కలపై సాధారణముగా కానవచ్చునది వేరొక జాతి. దానివలన ముఖ్యముగా కలుగునవి దురద, చర్మరోగము, కొరుకుకొనునపుడు మ్రింగుటచే కడుపులో చేరు బద్దెపురుగు. ఇందుకై ఇంటిని నమ్మిన జంతువును వీధిపాలు చేయుట ధర్మరాజు నిరాకరించిన పనియే.

మిన్నల్లి బ్రదుకుతీరు తెలిసినచో మన ప్రశ్న కొంత మారును. ఆడుపురుగు దినమునకు 40 వరకు గ్రుడ్లు పెట్టును. అవి కుక్కను అంటియుండక జారి చాపలోను, గోనెలోను, నేల నెఱ్ఱెలలోను పడును. వెలుతురు గిట్టని ఆ పిల్లపురుగులు మూలలలో పెరిగి గూళ్లు కట్టుకొనును. ఆ గూళ్లలో నెలల తరబడి కదలకుండగలవు. కుక్కపై మనకు కనబడునవి ఇంటనున్న మొత్తములో స్వల్పభాగము మాత్రమే. కావున వారమున కొకమారు పడకగుడ్డను మరిగిన నీట నుతికి యెండవేసి, మూలలు ఊడ్చు ఇల్లాలు పది పురుగుల ప్రాణము తీసినచో, ఉపేక్షించి తుదకు ఇల్లంతయు మందు చల్లించువాడు వేలకొలది ప్రాణములు తీయును. అహింస యిక్కడ చీపురుతో మొదలగుచున్నది.

ఇక దువ్వెన. పండ్లు మిక్కిలి దగ్గరగానుండు పేలదువ్వెనతో దినదినమును మెడ, కడుపు, తోకమొదలు దువ్వుటకన్న సౌమ్యమైన చికిత్స వేరొకటి లేదు. రాలిన నల్లని నలుసులను తడిగుడ్డపై నుంచినచో ఎఱ్ఱబారును. అది పురుగు త్రాగి విసర్జించిన రక్తము. ఖర్చు లేదందురు గాని, దినమునకు పావుగంట ఓపిక ఖర్చే. బరంపురములోనో బెంగుళూరులోనో పిల్లలు ఒడియానో కన్నడమునో మనకు బదులుగా చెప్పినను, కుక్కను ఒడిలో పెట్టుకొని దువ్వు అవ్వ మాటలు మాత్రము తెలుగే. అదియు శ్రద్ధగా వినును.

దువ్వెనకు చిక్కినవానిని సబ్బునీట ముంచవలెను. ఇచ్చట చేయి వెనుదీయును. ముంబయిలో జైనుల ఇరుగుపొరుగున నివసించిన మన కుటుంబములకు ఈ సంకోచము బాగుగా తెలియును. దానిని నేను పరిహసింపను. కాని చంపనొల్లక గోడ కవతల విదిలించిన పురుగు ఏమగును? అటుగా పోవు వీధికుక్కను పట్టును. దానిని దువ్వువారు లేరు. మన చేతికి పాపమంటకుండ కాపాడుకొనుటకై దిక్కులేని ప్రాణిపై భారము మోపుట దయ యని నాకు తోపదు. ముంచుటయే మేలు, వేడుకగా గాక, త్వరగా.

స్నానము చేయించునపుడు గోరువెచ్చని నీటితో, ఘాటులేని సబ్బుతో, మొదట మెడచుట్టు నురుగు పట్టింపవలెను. లేనిచో పురుగులు చెవులలోనికిని ముఖమునకును ఎగబ్రాకును. కండ్లలో నురుగు పడరాదు. ఈ స్నానము ఆనాటి పురుగులనే చంపును గాని రేపటివానిని ఆపదు. ఇంటివైద్యమనిన నెల్ల సౌమ్యమనుకొనుట పెద్ద పొరపాటు. కిరసనాయిలు చర్మమును కాల్చును, నాకినచో విషము. పొగాకు కషాయమును, కర్పూరమును అట్టివే. వెల్లుల్లి తినిపించుట రక్తమును చెఱచును. వేపాకు మనకు పూజ్యమైనను దానినే నమ్ముకొని దువ్వెనను మూలబెట్టరాదు. చౌకయైనదా, మన పెరటిదా యని గాక, నోరులేని జీవి దానిని ఎట్లు భరించుచున్నదని చూచి మందును ఎంచవలెను.

పసికూన యైనను, చిగుళ్లు పాలిపోయినను ఇంటివైద్యముతో కాలయాపన చేయరాదు. పురుగులు త్రాగు రక్తముచేతనే కూన చనిపోవచ్చును. అట్టి సమయమున పశువైద్యుడు బరువును చూచి యిచ్చు మందే సౌమ్యమైనది, వెల ఎక్కువైనను. ఇంట పిల్లియు నున్నచో ఆ సంగతి వైద్యునకు ముందుగానే చెప్పవలెను. కుక్కకు పనికివచ్చు పెర్మెత్రిన్ పిల్లికి ప్రాణాంతకము.