స్థలం మనదే, మరి నీరెవరిది?

ఒక సోదరుడు తన స్థలంలో దుకాణ సముదాయమో, ఫంక్షన్ హాలో కట్టుకోదలచాడనుకుందాం. డబ్బు హలాల్ సంపాదన. తలపెట్టిన వ్యాపారం ధర్మసమ్మతమైనది. అయితే ఆ స్థలంలోని చెట్టును కొట్టివేయడానికి, పక్కనున్న వాగును పూడ్చివేయడానికి, బోరును ఎంత లోతుకైనా దించడానికి అతనికి హక్కు లభించినట్లేనా? 'నా స్థలం, నా ఇష్టం' అనే మాట ఒక విశ్వాసి నోట రాదగినదేనా? మణుగూరు ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకుని ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

మణుగూరుకు ఒకవైపు గోదావరి, మరోవైపు అడవి. సింగరేణి బొగ్గు గనులు, అశ్వాపురంలోని భారజల కర్మాగారం ఎన్నో కుటుంబాలకు జీవనోపాధి కల్పించాయి. ఇక్కడే 1080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం వెలసింది. 2015లో పర్యావరణ అనుమతి రాకముందే దాని పనులు మొదలయ్యాయి. జాతీయ హరిత ట్రిబ్యునల్ పనులు ఆపమని ఆదేశించింది. 2017లో అనుమతి వచ్చింది. 2022 నాటికి నాలుగు యూనిట్లూ పనిచేయసాగాయి. ఎవరినో నిందించడానికి మేము ఈ విషయాన్ని ప్రస్తావించడం లేదు. ఆ కరెంటుతో మన ఇళ్ళలోనూ దీపాలు వెలుగుతున్నాయి. కాని ఇందులో మనందరికీ ఒక గుణపాఠం ఉంది. పునాదులు తవ్విన తర్వాత 'ఇక్కడ కట్టవచ్చా?' అని అడగడం నమాజు ముగించాక ఖిబ్లా ఎటు అని అడగడం లాంటిది. అప్పటికే డబ్బు ఖర్చయి ఉంటుంది, మనసు ఒక నిర్ణయానికి వచ్చి ఉంటుంది. ఇక ఆ విచారణ సత్యాన్ని తెలుసుకోవడానికి కాక, చేసిన పనిని సమర్థించుకోవడానికే పనికివస్తుంది.

2006 నాటి కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణాలకు ముందుగానే పర్యావరణ అనుమతి పొందాలి. స్థలం వాలు ఎటు ఉంది, నీరు ఎక్కడినుండి తెస్తారు, ఎన్ని చెట్లు పోతాయి వంటి ప్రశ్నలకు అందులో జవాబివ్వాలి. మన ఊళ్ళలోని కాంప్లెక్సులు చాలావరకు ఈ పరిమాణానికి చేరవు. వాటికి 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ఉన్నా, దాన్ని పట్టించుకునేవారెందరు? సరే, చట్టం అడగలేదు. మరి తీర్పుదినాన జరిగే విచారణకు కూడా చదరపు మీటర్ల లెక్క ఉంటుందా?

మానవుడు భూమిపై యజమాని కాదు, ప్రతినిధి (ఖలీఫా) మాత్రమే అని దివ్య ఖుర్‌ఆన్ బోధిస్తోంది. అల్లాహ్ ఆకాశం నుండి నీటిని ఒక పరిమాణంలో కురిపించి, దాన్ని భూమిలో నిలువ ఉంచాడని, దాన్ని తీసుకుపోయే శక్తి కూడా ఆయనకుందని అల్ మూమినూన్ సూరాలో ఉంది. ఆలోచించండి! మన బోరులో పడే నీరు మన హద్దురాళ్ళ మధ్య పుట్టింది కాదు. ఎక్కడో కురిసి, ఎవరి పొలం కిందుగానో నడిచి వచ్చింది. అందుకే ఒకరి బావి ఎండిపోయేంత దగ్గరలో మరొకరు బావి తవ్వకుండా మన ధర్మవేత్తలు బావి చుట్టూ 'హరీమ్' అనే హద్దును నిర్ణయించారు. హాని చేయరాదు, హానికి బదులుగా హాని తలపెట్టరాదు అన్నది దైవప్రవక్త (స) నేర్పిన సూత్రం (ఇబ్నె మాజా).

వాగు విషయమూ అంతే. 1986లో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. నది నిండుగా ఉన్నప్పుడు వాగుల నీరు అందులో కలవలేక వెనక్కి తన్నుతుంది. అలాంటి చోట వాగు దారిలో మట్టి పోస్తే నీరు ఆగిపోదు, పల్లంలో ఉన్న పేదవాడి గుడిసెలోకి వెళుతుంది. ఆ గుడిసె మన ప్లానులో కనిపించదు. అయినా దాని గురించి మనం జవాబు చెప్పుకోవలసిందే.

కొందరు అంటారు: "చెట్లు కొట్టినా, చుట్టూ పచ్చగడ్డి పరిపించి పూలకుండీలు పెట్టిస్తాం కదా!" ఆ గడ్డికి మండువేసవిలోనూ రోజూ నీళ్ళు కావాలి. కొట్టేసిన ఇప్పచెట్టు ఎవరి నీళ్ళూ అడగలేదు. పైగా దాని పూలు ఏరుకుని బతికే కోయ కుటుంబాలున్నాయి. ఒకరు నాటిన చెట్టునుండి మనిషి, పశువు, పక్షి ఏది తిన్నా అది నాటినవానికి సదఖా అవుతుందని దైవప్రవక్త (స) శుభవార్త నిచ్చారు (బుఖారీ, ముస్లిం). నలభై ఏళ్ళ చెట్టును కూల్చి నలభై మొక్కలు నాటితే లెక్క సరిపోవచ్చు, నీడ మాత్రం సరిపోదు.

అన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న మరొకటుంది. అసలు ఆ స్థలం మనదేనా? మణుగూరు ఏజెన్సీ ప్రాంతం. 1959 నాటి భూ బదిలీ నిబంధన, దానికి 1970లో జరిగిన సవరణ ప్రకారం ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతికి మారడం చెల్లదు. తెల్లకాగితం మీద రాయించుకున్నా, బినామీ పేరుతో తీసుకున్నా పేదవాని హక్కు హక్కుగానే ఉంటుంది. అన్యాయంగా జానెడు నేల ఆక్రమించినవాని మెడకు ఏడు భూముల భారం చుట్టబడుతుందన్న హెచ్చరిక (బుఖారీ, ముస్లిం) మనకు తెలియనిది కాదు. అలాంటి నేలపై ఎంత అందమైన తోట పెంచినా ఏం లాభం?

నిర్మాణమే తగదని మేము అనడం లేదు. బీడుపడిన నేలకు ప్రాణం పోయడాన్ని ఇస్లాం ప్రోత్సహించింది. అడుగుతున్నదల్లా ఒక్కటే: విచారణ ముందు, నిర్మాణం తర్వాత. ప్లాను గీయించక ముందే, వాననీటి జాడ తెలిసిన ఊరి పెద్దను వెంటబెట్టుకుని వర్షాకాలంలో ఒకసారి ఆ స్థలమంతా తిరగండి. ఉన్న చెట్లను లెక్కించి, వీలైతే గోడనే కాస్త పక్కకు జరపండి. పైకప్పు నీటిని ఇంకుడు గుంతలోకి మళ్ళించండి. పల్లంలో ఉన్న పొరుగువారిని అడగండి. ఇందుకు ఏ అధికారి ఆదేశమూ అక్కర్లేదు, అల్లాహ్ చూస్తున్నాడన్న స్పృహ చాలు.

అల్లాహ్ మనకు అప్పగించిన అమానతును కాపాడుకునే సద్బుద్ధిని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.