నెలపాసును దినపు టిక్కెట్టును

మన రైళ్లలో రెండవ తరగతి నెలపాసు వెల ఇంచుమించు 15 ఒంటి ప్రయాణముల చార్జీకి సమానము. 2014లో దీనిని రెట్టింపు చేయఁజూచి, కొలఁది దినములకే మానుకొనిరి. నెలలో 8 దినములు పోయివచ్చినచో టిక్కెట్లు 16 అగును. అప్పటికే పాసు చౌక. 25 దినములు పోయివచ్చువాఁడు టిక్కెట్లే కొన్నచో పాసు వెలకు మూఁడింతలకు మించి చెల్లించును.

ఇది తెలిసిన మనము, ప్రతి యుదయమును టిక్కెట్టు కిటికీయొద్ద నిలుచు కూలివానిఁ జూచి, "వీనికి ముందుచూపు లేదు" అని తీర్పు చెప్పుచున్నాము. మొదటి తేదీకి జీతము చేతఁబడు మనకు ముందుచూపెంత సులభము! వానికి లెక్క రాక కాదు. నేఁటి కూలితో నేఁటి బియ్యము కొనువాఁడు 15 చార్జీలను ఒక్కమాఱుగా నెక్కడినుండి తెచ్చును? అప్పు చేసినచో వడ్డీ. పని దొరకని దినములకు పాసు సొమ్ము తిరిగి రాదు. మితవ్యయమును సుగుణమని పొగడుదుము గాని, ఆ గుణమునకును కొంత మూలధనము కావలయునని తలఁపము. బీదవాఁడు మనకంటె హెచ్చు వెల చెల్లించి, అదిచాలక అవివేకి యను పేరును మోయుచున్నాఁడు.

ప్రభుత్వమున కీ చిక్కు తెలియకపోలేదు. 2009లో మమతా బెనర్జీ రైల్వేమంత్రిగా నుండఁగా, నెలకు 1,500 రూపాయలకు మించని రాబడి గలవారికి 25 రూపాయలకే 100 కిలోమీటర్ల వఱకు చెల్లు "ఇజ్జత్" పాసు నేర్పఱచిరి. పేరు చక్కనిది. కాని దానికి ఆదాయపు ధ్రువపత్రము కావలయును. ఆ పత్రమునకై కచేరి చుట్టు తిరుగు దినమున కూలి పోవును.

మన యిండ్లకు రైలులో వచ్చి పనిచేయువారికి జీతము నెలాఖరున నిచ్చుచున్నాము. అందులో పాసు వెలమాత్రము నెల మొదటనే యిచ్చుటకు మన కడ్డమేమి?