సరాయి ఎవరిది?

ఒక వస్తువు ఎవరిదని అడిగినచో మనము పత్రములు వెదకుదుము. ఎవరు కొనిరి, ఎవరు వ్రాసియిచ్చిరి, నేడెవరి స్వాధీనమున నున్నది అను మూడు సంగతులు తెలిసినచో ప్రశ్న ముగిసినదని తలంతుము. కాని సత్రము, చెరువు, దేవాలయము, మసీదు, చర్చి మొదలగువాని విషయమున ఈ సమాధానము చాలదు. అవి కట్టించినవాని భోగమునకై పుట్టినవి కావు. వాడెన్నడును చూడబోని మనుష్యుల ఉపయోగమునకై పుట్టినవి. కనుక అవి ఎవరివని అడుగుటకు ముందు, ఎందుకొరకని అడుగవలసియున్నది.

సూరతు నగరమున ముఘల్‌సరాయి అను ప్రాచీన భవనము కలదు. షాజహాను చక్రవర్తి కాలమున, 1644లో, హకీకత్ ఖాన్ దానిని కట్టించెను. ఆనాడు సూరతు మక్కాయాత్రికులకు ముఖ్యమైన ఓడరేవు. దూరదేశములనుండి వచ్చినవారు గాలి అనుకూలించి ఓడ కదలువరకు ఇచట వేచియుండవలసి వచ్చెడిది. ఊరు కొత్త, బంధువులు లేరు. అట్టివారు తలదాచుకొనుటకు ఈ గదులు ఏర్పడెను.

1759లో సూరతు కోట ఆంగ్లేయుల వశమయ్యెను. 1800లో నగరపాలన యంతయు వారికి చిక్కెను. పందొమ్మిదవ శతాబ్దారంభమున ఈ సరాయి కారాగృహముగా మారెను. వచ్చువారికొరకు తెరచియుంచిన తలుపులే లోనివారు వెడలకుండ మూయబడెను. పిదప 1867లో పురపాలక సంఘము తన కార్యాలయమును ఇచటికి మార్చుకొనెను. అది మొదలు ఒకటిన్నర శతాబ్దమునకు పైగా నగరపాలన ఈ భవనమునుండియే సాగినది. 2021లో గుజరాతు వక్ఫ్ బోర్డు ఇది వక్ఫ్ ఆస్తియని ప్రకటించెను. 2024లో వక్ఫ్ న్యాయాధికరణము ఆ ఉత్తరువును రద్దుచేసెను. చట్టము చెప్పవలసినది చట్టము చెప్పినది. అయినను, పరుల మేలుకై ఏర్పడిన వస్తువు తన చేతికి వచ్చినప్పుడు మనుష్యుడేమి చేయవలెనను ప్రశ్న తీర్పుతో తీరునది కాదు.

ఈ ప్రశ్న ఇంగ్లండు దేశీయులకును తెలియనిది కాదు. మధ్యయుగమున అచటి మేనరు, అనగా భూస్వామి ఏలుబడిలోని గ్రామము, తరచుగా తన చర్చితో కూడియుండెడిది. ఆ చర్చికి గురువును ప్రతిపాదించు హక్కు సైతము పొలమువలె వారసత్వముగను, క్రయముగను చేతులు మారుచుండెను. 1536 మొదలు 1540 వరకు ఎనిమిదవ హెన్రీ మఠములను రద్దుచేయగా, వాని భూములును, దశమభాగపు రాబడులును రాజునకు దక్కెను. వానిలో పెక్కు రాజునుండి గృహస్థులకు చేరెను. కాని చర్చిలో వేదికయున్న భాగమును బాగుచేయించు బాధ్యత ఆ రాబడితో పాటే ప్రయాణము చేసెను. వార్విక్‌షైరులోని ఆస్టన్ కాంట్లో గ్రామమున ఒక పొలమును కలిగియున్న దంపతులు ఆ బాధ్యతను మోయవలసినదేయని 2003లో ప్రభువుల సభ తీర్పు చెప్పెను. తాము చేయని వాగ్దానమునకు తాము ధనము చెల్లించుట వారికి కష్టమే. కాని ఆ తీర్పులో ఒక న్యాయము కలదు: ఫలమును గైకొన్నవాడు భారమును వదలుకొనజాలడు.

మన దేశపు దానశాసనములు చదివినవారికి ఈ న్యాయము కొత్త కాదు. వాని తుదిని, దానమును హరించువానికి శాపము చెక్కించుట పరిపాటి. ఒకరు చేసిన దానమును కాపాడుట తాను దానము చేయుటకంటె గొప్పదను భావమును అందు కానవచ్చును. అది ఉచితమే. దాతకు కీర్తి కలదు. శిలపై పేరు కలదు. కాపాడువానికి శ్రమయే గాని పేరు లేదు.

ఇచట ఒక ఆక్షేపణ పుట్టును. సద్వినియోగమే ప్రమాణమైనచో, పరుల సొత్తును కైకొన్న ప్రతివాడును తాను సద్వినియోగము చేయుచున్నాననును. ఇది త్రోసివేయదగిన ఆక్షేపణ కాదు. సద్వినియోగము వలన హక్కు పుట్టదు. హక్కు ఎవరిదైనను కర్తవ్యము తప్పదని మాత్రమే నా మనవి. మరియొక ఆక్షేపణయు కలదు: గతించినవాని కోరిక జీవించియున్నవారిని ఎంతకాలము బంధింపవలెను? తెరచాప ఓడలు పోయినవి. యాత్రికులు వేరు మార్గముల వెడలుచున్నారు. గదులను శూన్యముగ నుంచుట దాతకు గౌరవము కాజాలదు. కనుక అక్షరము మారవచ్చును. మారినప్పుడు, దాత పేరు మరుగుపడకుండుటయు, అతడు తలచిన పరదేశి మరుగుపడకుండుటయు అవసరము.

నేటి సూరతునకును పరదేశులు వచ్చుచునే యున్నారు. తెలంగాణమునుండియు, ఒడిశానుండియు మగ్గములను నమ్ముకొని వచ్చిన కార్మికులు ఆ నగరపు వస్త్రపరిశ్రమలో పెక్కురు. నగరపాలక సంస్థ నడపు పాఠశాలలలో గుజరాతీతో పాటు మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు భాషలలో బోధించునవియు కలవు. ఎచటనుండియో వచ్చిన నేతపనివాని బిడ్డ తన తల్లిభాషలో అక్షరములు దిద్దుచున్నప్పుడు, 1644 నాటి దాత తలంపు ఒక విధముగ నెరవేరుచున్నది. ఆ బిడ్డ తండ్రి ఏదేని పనికై ఆ భవనమునకు పోయి, తన మాట వినువారు లేక మరలివచ్చిననాడు, పత్రములన్నియు సరిగానే యున్నను, సరాయి మరల మూయబడినట్లే.